గోతం తరుగు

“తలుపు తియ్యి భాభీ. ఇంగొకసారి అడగను.”

ఆఫ్రీన్ అరచేత్తో తలుపు కొట్టడం అది ఐదోసారి. గడియ కదల్లేదు. లోపల నుంచి వేరే చప్పుడు వచ్చింది. గొంతులోంచి తన్నుకొచ్చే చప్పుడు, ఆ వెంటనే బక్కెట్లో పడ్డ చప్పుడు.

ప్రొద్దుటూరు నర్సింగ్‌హోంలో నైట్ డ్యూటీ దిగి, తెల్ల యూనిఫాం కూడా మార్చుకోకుండా పొద్దున్నే బస్సెక్కి జమ్మలమడుగు వచ్చింది ఆఫ్రీన్. అన్న షాహుల్ ఫోన్లో చెప్పింది రెండే ముక్కలు. అమ్మీకి రెండు దినాలుగా నీళ్లు కూడా నిలవడం లేదు. వదిన మసరత్ ఆమెతో లోపలే గడియ పెట్టుకుంది.

షాహుల్ వసారాలో కూర్చుని ఒక బాబిన్ కేసును విప్పి బిగిస్తున్నాడు. బస్టాండు దగ్గర కుట్టుమిషన్లు బాగుచేసే అంగడి అతనిది. ఇంట్లో ఏ గొడవ జరిగినా చేతిలో ఒక ఇనుపముక్క ఉండాలి అతనికి.

“నీ పెండ్లాం తలుపేసుకుంటే నువ్వు ఈడ కూర్చోని ఆడుకుంటాండావా?”

“ఏసుకోమన్నది ఆమె కాదు. అమ్మీ.”

“ఎందుకు?”

“ఎందుకో నీకు తెల్దా. పులివెందుల.”

పోయిన నెల పులివెందులలో ఒక క్లినిక్ మెట్లెక్కలేక అమ్మీ కూలబడితే, నలుగురు మగవాళ్లు దుప్పటిలో వేసి మోశారు. దాన్ని ఎవడో ఫోన్లో తీశాడు. పంతొమ్మిది సెకన్లు. చివర్లో ఎవడో నవ్వుతూ, ‘క్రేను పిలవండప్పా’ అంటాడు. రెండు రోజుల్లో ఆ వీడియో జమ్మలమడుగులో వాళ్ల వీధి ఫోన్లన్నీ చుట్టి వచ్చింది. ఆఫ్రీన్‌కు పంపింది ఆమెతో పనిచేసే నర్సే. కింద మూడు నవ్వు బొమ్మలు పెట్టి మరీ పంపింది. అందులో ఉన్న మనిషి ఆఫ్రీన్ తల్లి అని ఆమెకు తెలియదు. తెలియజెప్పే ధైర్యం ఆఫ్రీన్‌కు లేకపోయింది.

“అమ్మీ, నేను. పాపను. తియ్యమని చెప్పు.”

చాలాసేపటికి గడియ తీసిన చప్పుడైంది.

మనిషి కంటే ముందు వాసన బయటికి వచ్చింది. ఆపరేషన్ థియేటర్లో ఆరేళ్లు పనిచేసిన ముక్కు ఆఫ్రీన్‌ది. చీమూ నెత్తురూ తనకు లెక్కలేదనుకునేది. ఇది వాటన్నిటినీ గిన్నెలో వేసి మూతపెట్టి మగ్గబెట్టినట్టుంది. చెయ్యి తనంతట తానే ముక్కు దాకా లేచింది. దారిలో ఆపి, జుట్టు సర్దుకుంది.

గుమ్మంలో నిలబడ్డ మసరత్ ఆ చేతినే చూసింది.

అమ్మీ గుల్జార్‌బీ నేలమీద రెండు పరుపులు కలిపి వేసిన పడకలో గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. వెల్లకిలా పడుకుంటే ఊపిరాడదు ఆమెకు. యాభై రెండేళ్ల మనిషి. పెదవులు ఎండి పెంకు కట్టాయి. పక్కనున్న బక్కెట్లో నీళ్లు పచ్చగా ఉన్నాయి.

“నువ్వెందుకొచ్చినావు పాపా. డ్యూటీ పాడయితాది.”

“పొట్ట చూపించు.”

“వద్దులే. సోంపు నీళ్లు తాగినా. తగ్గుతాది.”

“చూపించు అమ్మీ.”

గుల్జార్‌బీ కోడలి వైపు చూసింది. మసరత్ మోకాళ్ల మీద కూర్చుని, మెత్తటి తువ్వాలు మడిచి, తొడల మీదికి జారిన పొట్ట మడత కిందికి రెండు చేతులూ పోనిచ్చి నెమ్మదిగా ఎత్తింది. రోజూ ఆ పని చేసే చేతులని చూస్తేనే తెలుస్తుంది.

మడత కింద చర్మం ఒరుసుకుపోయి, చెమ్మగా, ఎర్రగా ఉంది. బొడ్డు దిగువన చిన్న దోసకాయంత గడ్డ. నేరేడుపండు రంగు.

ఆఫ్రీన్ వేలితో నొక్కింది. రాయిలా ఉంది. గుల్జార్‌బీ అరవలేదు. తల వెనక్కి విసిరి గోడకు కొట్టుకుంది.

హెర్నియా. పొట్ట గోడలో పడ్డ చిల్లులోంచి పేగు బయటికి వచ్చి ఇరుక్కుంది. నెత్తురు ఆడక కుళ్లడం మొదలుపెట్టింది. ఇక ఉన్నవి రోజులు కాదు, గంటలు.

“ఎన్నాళ్లనుంచి ఉండాదిది?”

“ఏడాది పైనయింది. ముందు నిమ్మకాయంత ఉన్నింది,” అంది మసరత్.

“ఏడాది. దినామూ ఒళ్లు తుడుస్తా, దీన్ని చూస్తా, గమ్మున ఉండావు. నీకు అత్త పీడ ఎప్పుడు వదుల్తుందా అని ఉన్నింది, అంతేగా?”

షాహుల్ గుమ్మంలో నిలబడి బాబిన్‌ను జేబులో వేసుకున్నాడు. మసరత్ లేచి, మేకుకు తగిలించిన ప్లాస్టిక్ సంచీ తెచ్చి ఆఫ్రీన్ ఒళ్లో కుమ్మరించింది. మూడు డాక్టరు చీటీలు. జమ్మలమడుగుది ఒకటి, ప్రొద్దుటూరుది ఒకటి, పులివెందులది ఒకటి. మూడు రకాల దస్తూరీలు. మూడింటి అడుగునా ఒకటే మాట, కింద గీత గీసి: బరువు తగ్గాలి.

“ముగ్గురికీ చెప్పినా, బొడ్డు కింద గడ్డ ఉండాది సార్, ఒక్కతూరి చూడండని. ఒక్కడు కుర్చీలోంచి లెయ్యలా. ఒకాయన నన్నే అడిగినాడు, ఏం తినబెడతాండావమ్మా అని. పులివెందులాయన మాట్లాడతా మాట్లాడతా కిటికీ తెరిపించినాడు.”

“నాకు చెప్పొచ్చు కదా. నేను నర్సునే కదా.”

మసరత్ అత్త వైపు చూసింది. గుల్జార్‌బీ వద్దన్నట్టు తల ఊపింది.

“చెప్తా అత్తా. ఇంకేం దాసేది.” మసరత్ ఆఫ్రీన్ వైపు తిరిగింది. “పోయినేడు రంజాన్‌కు వచ్చినావే, గుర్తుండాదా? మడత కింద పౌడరు పుయ్యమని అడిగింది నిన్ను. ఎత్తినావు. ఎత్తి, చున్నీ ముక్కుకు అడ్డం పెట్టుకున్నావు. ఆమె అద్దంలో చూసింది. నువ్వు బస్సెక్కినాంక నాతో ఒట్టేయించుకునింది, పాపకు మాత్రం చూపీగూడదని.”

ఆఫ్రీన్ ఒళ్లోని చీటీలు ఏరి సంచీలో పెట్టసాగింది.

“పోనీలే పాపా,” అంది గుల్జార్‌బీ. “ఎవురికైనా అట్టనే ఉంటాది.”

* * *

108 వాళ్ల స్ట్రెచర్ వెడల్పు చాల్లేదు. చివరికి సిమెంటు మూటలు తోలే ట్రాలీ ఆటోలో పరుపు పరిచి, గుల్జార్‌బీని ప్రొద్దుటూరు చేర్చేసరికి పదకొండున్నర.

డాక్టర్ వేదవ్యాస ఆ నర్సింగ్‌హోంకు యజమాని, సర్జను కూడా. చెయ్యి మంచిదని పేరు. ఆటో దగ్గరికే వచ్చి, మసరత్ ఎత్తిపట్టుకున్న మడత కింద రెండు వేళ్లతో తాకి, ఒక్క క్షణంలో తీసేశాడు. లోపలికి వెళ్లి చేతులు కడుక్కున్నాడు. తుడుచుకుని, మళ్లీ కడుక్కున్నాడు.

“ఎలా పెరగనిచ్చారమ్మా ఇంత?” అన్నాడు అద్దంలోకి చూస్తూ. గడ్డ గురించో, మనిషి గురించో తెలియలేదు.

“సార్, పేగు నలుపు తిరిగినట్టుంది,” అంది ఆఫ్రీన్.

“తెలుస్తోంది సిస్టర్. నీ అమ్మ కాబట్టి ముసుగు లేకుండా చెప్తున్నా. నా టేబుల్ నూట యాభై కిలోలకు చేసింది. దాటితే నేను ముట్టను. కర్నూలు తీసుకుపో.”

“కర్నూలు చేరేసరికి నాలుగు గంటలు పడుతుంది సార్,” అని మధ్యలోకి వచ్చింది డాక్టర్ భావన. మత్తు డాక్టరు. ఏడాది కింద గుంటూరు నుంచి వచ్చింది. అప్పటికే గుల్జార్‌బీ మోచేతులు రెండూ వెతికి, నరం దొరక్క, మెడ పక్కన సూది పెట్టి సెలైను ఎక్కించింది. ముక్కులోంచి గొట్టం వేసి పచ్చటి పసరు సంచీలోకి దించింది. “పేగు పగిలితే దారిలోనే అయిపోతుంది. కన్సెంటులో అన్నీ రాయించుకుని చేద్దాం.”

“టేబుల్ కూలితే కన్సెంటు పట్టుకుంటుందా? ముందు తూచండి.”

నర్సింగ్‌హోం తూకం నూట ముప్పై దాటితే అంకె చూపించదు. గుల్జార్‌బీ రెండో కాలూ పెట్టగానే అది గీతలు చూపించి ఊరుకుంది.

“మైదుకూరు రోడ్డులో పత్తిమిల్లు ఉండాది,” అన్నాడు షాహుల్. “ఆడ కాటా ఏసే ఓబులేసు మామ నాకు తెలుసు.”

“మనిషిని తీసకపోయి పత్తి కాటా మీద పెడతామా భాయ్?”

“బరువు బరువే కదా సిస్టర్,” అన్నాడు వేదవ్యాస. “దేనిమీద తూస్తే ఏముంది? త్వరగా వెళ్లి రండి.”

ఆ ‘త్వరగా’ అన్న మాటలో ఉన్న దయ అంతా తనను గేటు దాటించడానికే అని ఆఫ్రీన్‌కు అర్థమైంది. చక్రాల కుర్చీని ఆటోలో వేయించింది.

* * *

మిల్లు ఆవరణలో దూది ధూళి తెల్లగా ఎగురుతోంది. కాటా పలక దగ్గర పదిమంది హమాలీలు గోనెసంచుల మీద కూర్చుని బీడీలు తాగుతున్నారు. ఆటో లోపలికి రాగానే లేచారు.

గుల్జార్‌బీ బురఖా ముసుగు కిందికి లాక్కుంది. ముసుగు అంచు కింద నుంచి ముక్కు గొట్టం, ఒళ్లో పచ్చటి సంచీ.

“ఏ ఊరి సరుకప్పా ఇది?” అన్నాడొకడు.

“సరుకు కాదురా, పత్తి బేలు. ప్రెస్సు కొట్టి పంపినారు,” అన్నాడు ఇంకొకడు. నవ్వులు.

చెవి మీద పెన్సిలు పెట్టుకున్న అరవయ్యేళ్ల ఓబులేసు గుడ్లురిమాడు. “నోర్లు కడుక్కోండి. ఆడమనిషి. షాహులూ, ఏంది నాయినా ఇది?”

షాహుల్ అతని చెవిలో చెప్పాడు. ఓబులేసు తలూపి, ఆటోను వెనక్కి తిప్పి కాటాకు ఆనించమన్నాడు. నర్సింగ్‌హోం నుంచి తెచ్చిన పాత ఇనుప చక్రాల కుర్చీని పలక మీదికి తోయమన్నాడు.

అప్పుడు చూసింది ఆఫ్రీన్. సంచుల వెనక ఒకడు ఫోను నిలువుగా పట్టుకుని ఉన్నాడు.

ఆమెకు పంతొమ్మిది సెకన్లు గుర్తొచ్చాయి. పరుగెత్తి వాడి మణికట్టు పట్టుకుంది. “ఇయ్యి.”

“ఏందమ్మా, నేనేం చేసినా? టైము చూసుకుంటాండా.”

“అయితే ఇయ్యి, నేనూ చూస్తా.”

వాడు చెయ్యి వెనక్కి లాగాడు. ఆమె వదల్లేదు. తన గోళ్లు వాడి చర్మంలో దిగడం ఆమెకు తెలుస్తోంది, అయినా తియ్యబుద్ధి కాలేదు. చుట్టూ నవ్వులు ఆగిపోయాయి. చివరికి ఫోను లాక్కుని చూసింది. ఎనిమిది సెకన్లు తీశాడు. తనే చెరిపింది. చెరిపినవి దాచే చోటు కూడా తెరిచి, అక్కడా చెరిపింది. ఫోను వాడి కాళ్ల దగ్గర పడేసింది.

వెనక ఇనుము కిర్రుమంది. ఆమె తిరిగేసరికి షాహుల్, మసరత్, నలుగురు హమాలీలు కలిసి గుల్జార్‌బీని ఆటోలోంచి కుర్చీలోకి దించేశారు. కుర్చీ కాటా మీదే ఉంది. ఓబులేసు కళ్లద్దాలు పైకి నెట్టి, నలభై ఏళ్ల అలవాటు గొంతుతో పాడాడు.

“క్వింటా అరవయ్యారు.”

చీటీ మీద రాశాడు. 166. సంతకం గీకి షాహుల్ చేతికిచ్చాడు.

“ఎంతంట?” అని అడిగింది గుల్జార్‌బీ ముసుగులోంచి. ఎవరూ చెప్పలేదు.

“ఏం కాదులే తల్లీ,” అన్నాడు ఓబులేసు, ఆమె ఒళ్లోంచి జారుతున్న సంచీని సర్ది పెడుతూ. “దీనికంటే శానా బరువులు చూసినా నేను.”

ఆ రోజు ఆమె సంచీ తాకి కూడా చెయ్యి కడుక్కోకుండా నిలబడ్డ మగవాడు అతనొక్కడే.

* * *

వేదవ్యాస చీటీ చూశాడు. “నూట అరవై ఆరు. ఇంకేం, కర్నూలుకు ఉత్తరం రాస్తాను.”

“కుర్చీతో తూచినారు సార్,” అంది ఆఫ్రీన్. “కుర్చీ పద్దెనిమిది. వెనక రేకు మీద ఉండాది, చూడండి. తీసేస్తే నూట నలభై ఎనిమిదే.”

ఆయన వంగి రేకు చదివాడు. పెదవి విరిచాడు. మాట తప్పడానికి దారి లేకపోయింది.

షాహుల్ గోడకు అంటించిన టీకాల బొమ్మను కళ్లార్పకుండా చూస్తున్నాడు.

“రెండు కిలోలు తక్కువ,” అన్నాడు వేదవ్యాస. “సరే. తీసుకోండి లోపలికి.”

ఆరుగురు పట్టారు టేబుల్ మీదికి ఎక్కించడానికి. భావన ఒక్క దిండుతో సరిపెట్టలేదు. భుజాల కింద, తల కింద దుప్పట్లు మడిచి మెట్లుమెట్లుగా పేర్చి, చెవి రొమ్ము ఎముకకు సమంగా వచ్చేదాకా సర్దించింది. బీపీ పట్టీ చేతికి చాల్లేదు. తొడకు వేసే పెద్దది తెప్పించింది.

“భయపడొద్దమ్మా. కూర్చోబెట్టినట్టే ఉంచి మత్తిస్తాను. మీకు ఊపిరి ఆడుతుంది.”

“మీకు ఇబ్బంది అయితాంది మేడం,” అంది గుల్జార్‌బీ.

“నాకేం ఇబ్బంది లేదు. ఇది నా పని.”

కన్సెంటు కాగితం మీద సంతకానికి ఆఫ్రీన్ థియేటర్ తలుపు దగ్గరికి వచ్చింది. షాహుల్ పెన్ను తీసుకున్నాడు. సంతకం పెట్టలేదు.

“పాపా.”

“పెట్టు భాయ్. టైం లేదు.”

“ఆ టేబుల్ గట్టిదేనా?”

“నూట యాభైకి గట్టిదే. పెట్టు.”

అతను పెన్ను మూత తీశాడు, పెట్టాడు, మళ్లీ తీశాడు. “మిల్లులో గోతం తరుగు తీస్తారు. తెల్సా? పత్తి తూసే ముందర ఖాళీ గోతాన్ని పలక మీద ఏసి, ముల్లును సున్నాకు తెస్తారు. చీటీ మీద పత్తి బరువే పడతాది. గోతం బరువు రాయనే రాయరు.”

“అయితే?”

“నువ్వు ఆ ఫోనోడితో పెనుగులాడతాండావు. ఓబులేసు మామ ఖాళీ కుర్చీని పలక మీద పెట్టించి, దాని తరుగు ముందే తీసేసినాడు. అలవాటు ఆయనకు. ఎవురూ అడగలా.”

ఆఫ్రీన్‌కు అర్థం కావడానికి ఒక్క క్షణం పట్టింది.

“ఆ నూట అరవయ్యారూ...”

“అమ్మీదే. కుర్చీది కాదు.”

“నేను లోపల పద్దెనిమిది తీసేస్తాంటే నువ్వు పక్కనే ఉండావు.”

“ఉండా.”

“గోడకు చూస్తాండావు.”

“చెప్తే కర్నూలంటాడు. దావలోనే పోతాది.”

“మరి ఇప్పుడెందుకు చెప్తాండావు?”

షాహుల్ జేబులో చెయ్యి పెట్టి బాబిన్ తడుముకున్నాడు.

“నేను చెప్తా ఎందుకో,” అంది ఆఫ్రీన్. గొంతు పెంచలేదు. “టేబుల్ కూలితే నీ తప్పు కాదనిపించుకోవాల. నాకు చెప్పేస్తే నీ బరువు దిగిపాయ. ఇంక నేను చెప్పినా అమ్మీ పోవడం నావల్లే, చెప్పకపోయినా నావల్లే. శానా తెలివి భాయ్ నీది.”

“నువ్వు లోపలుంటావు కదా, నువ్వు చూసుకుంటావని...”

“పెట్టు సంతకం.”

పెట్టాడు. మసరత్ అందాకా గోడకు ఆనుకుని నేలమీద కూర్చుని ఉంది. అత్త బురఖాను మడిచి ఒళ్లో పెట్టుకుంది.

“చెప్పుపో ఆఫ్రీన్,” అంది తలెత్తకుండా. “ఆమె సంగతి దాసి దాసి ఈడిదాకా తెచ్చినాం. నేను ఏడాది దాసినా. ఇంక చాలు.”

* * *

లోపల అందరికీ మాస్కులున్నాయి. ఎవరు ముక్కు మూసుకున్నారో ఎవరు మూసుకోలేదో తెలిసే వీలు లేదు.

వేదవ్యాస తొడుగులు వేసుకుని, చేతులు రొమ్ము దగ్గర ముడిచి నిలబడి ఉన్నాడు. “టేబుల్ తల వైపు కొంచెం దించి, ఎడమకు వంచాలి. పేగు జారితే పని సులువవుతుంది.”

టేబుల్ స్తంభం మీద పసుపు స్టిక్కరు అంటించి ఉంది. రోజూ చూసే స్టిక్కరే. ఇవాళ దానిమీది అంకె ఒక్కటే కనిపిస్తోంది ఆఫ్రీన్‌కు.

భావన సిరంజి వెలుతురుకు ఎత్తిపట్టి చూసింది. “నూట నలభై ఎనిమిదికి లెక్క కట్టాను. సిస్టర్, మాస్కు పట్టుకోండి.”

గుల్జార్‌బీ మెలకువగానే ఉంది. కూతురి కళ్ల కోసం వెతుకుతోంది.

చెప్పకపోతే ఏమవుతుంది? ఏమీ కాకపోవచ్చు. అలాంటి టేబుళ్లు రాసినదానికంటే కొంత ఎక్కువే మోస్తాయి. వంచినప్పుడు మాత్రం... ఆఫ్రీన్ ఆ ‘మాత్రం’ దగ్గర ఆగింది. పడితే, నోట్లో గొట్టంతో, తెరిచిన పొట్టతో, నేలమీద పడుతుంది అమ్మీ. దాన్ని కూడా ఎవడో ఒకడు తీస్తాడు.

“మేడం, ఆగండి. నూట నలభై ఎనిమిది కాదు. నూట అరవై ఆరు.”

సిరంజి గాలిలోనే ఆగింది.

“కుర్చీ బరువు మిల్లులోనే తీసేసినారు. నేను రెండోసారి తీసినా. నాకు ఇప్పుడే తెలిసింది.”

భావన సిరంజి ట్రేలో పెట్టి, కొత్త లెక్క కాగితం మీద రాసుకుంది.

“మందు సంగతి నేను చూసుకుంటాను,” అంది భావన. “టేబుల్‌ను పూర్తిగా కిందికి దించేద్దాం సార్. ఎత్తొద్దు, వంచొద్దు. తల వైపూ కాళ్ల వైపూ రెండు మంచాలు ఆనించి ఆసరా పెడదాం. మీకు వంగి చెయ్యడం కష్టమవుతుంది, అంతే.”

“నడుము నాది కాబట్టి అంతే అంటున్నారు.” వేదవ్యాస కుడిచేతి తొడుగు లాగి బక్కెట్లో పడేశాడు. “నేను ముందే చెప్పాను, దాటితే ముట్టనని. టేబుల్ విరిగితే రేపు ఊరంతా నా బొమ్మే. ఈమె పోతే అదీ నా మీదికే. దించండి. ఆటో ఇంకా బయటే ఉంటుంది.”

వార్డు మనుషులు ఆరుగురూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

గుల్జార్‌బీ ఆక్సిజన్ మాస్కును పక్కకు జరుపుకుంది. “ఎంతంట పాపా?”

మిల్లులోనూ ఆమె అడిగింది అదొక్కటే. చీటీలు రాసిన ఆ ముగ్గురు డాక్టర్లు గానీ, కాటా దగ్గరివాళ్లు గానీ, కన్నబిడ్డలు గానీ ఒక్కరూ ఆమెకు చెప్పలేదు. ఆమె గురించి తమలో తాము చెప్పుకున్నారు.

“నూట అరవై ఆరు, అమ్మీ.”

గుల్జార్‌బీ పెదవులతో ఆ అంకెను మళ్లీ అనుకుంది. కొంచెం ఆశ్చర్యపడింది కూడా. “నేను రెండొందలు ఉంటాదేమో అనుకున్న్యా.” ఊపిరి తీసుకుంది. “ఎంతమంది ఎక్కించినారు నన్ను ఈడికి?”

“ఆరుమంది.”

“దించాలన్నా ఆరుమంది కావాల్నా?”

“కావాల.”

“ఆరుమందికీ నేను సాయం పట్టబట్టి ఎక్కించినారు పాపా. కాళ్లు ముడుసుకో అంటే ముడుసుకున్న్యా. పక్కకు వాలు అంటే వాలినా.” ఆమె రెండు చేతులూ చాపి, టేబుల్ రెండు అంచులూ పట్టుకుంది. సెలైను గొట్టం బిగిసింది. లావాటి వేళ్ల కణుపులు తెల్లబడ్డాయి. “ఇప్పుడు పట్టను. నేను దిగను.”

“అమ్మా, ఇక్కడ కాదని చెప్తున్నాను,” అన్నాడు వేదవ్యాస. “నీ మంచికే.”

“నా మంచి శానామంది రాసిచ్చినారు సార్. ఇంట్లో సంచీలో ఉండాయి.” ఆమె గొంతులో కోపం లేదు. అలసట ఉంది. “వాసన వస్తాంటే మూసుకోండి. విరిగితే విరగనీ, కింద పడేది నేనే గదా. నేను మాత్రం ఈడనుంచి దిగను. దించేటోళ్లు దించండి.”

వార్డు మనుషుల్లో ఒకడు ముందుకు అడుగు వేశాడు. ఆమెను చూసి, డాక్టరును చూసి, వేసిన అడుగు వెనక్కి తీసుకున్నాడు.

భావన ఏమీ అనకుండా వంగి, టేబుల్ కింద ఉన్న తొక్కుడు మీద కాలు పెట్టింది. టేబుల్ బుస్సుమంటూ కిందికి దిగసాగింది. ఒకచోట ఇనుము మూలిగింది. చిట్టచివరి మెట్టు దాకా దిగి ఆగింది.

వేదవ్యాస ఒక చేతికి తొడుగుతో, ఒక చెయ్యి ఖాళీగా, తలుపుకూ టేబుల్‌కూ మధ్య నిలబడిపోయాడు.

ఆఫ్రీన్ చేతులు కడుక్కుని వచ్చింది. ఏడో నంబరు తొడుగుల పొట్లం చించింది. కుడిచేతిది తీసి, అంచు మడత కింద వేళ్లు పోనిచ్చి, రెండు చేతులతో వెడల్పుగా సాగదీసి, ఆరేళ్లుగా రోజూ పట్టినట్టే ఆయన ముందు పట్టుకుంది.

“సార్,” అంది.

ఆయన ఆ తొడుగు వైపు చూశాడు. టేబుల్ అంచులను పట్టుకున్న వేళ్ల వైపు చూశాడు. గడియారం రెండూ ఇరవై చూపిస్తోంది.

ఆఫ్రీన్ తొడుగు దించలేదు.

ఆయన చెయ్యి ఇంకా లేవలేదు.